టీటీవైతో వాయిస్ మెయిల్ వాడటం: మెసేజ్ పెట్టడం, చదువుకోవడం, ఆఫీసు సిస్టమ్‌ను సరిచేయడం

అమెరికాలో టీటీవై (ఫోన్ లైను మీద అక్షరాలు టైపు చేసి పంపుకునే యంత్రం) వాడే బధిరులు ఒక ఆఫీసుకు ఫోన్ చేశారనుకుందాం. అవతల మనిషి లేరు, వాయిస్ మెయిల్ ఎత్తింది. గ్రీటింగ్ గడగడా చదువుతుంటే వీళ్లకు కనిపించేది టీటీవై మీద చిన్న లైటు మిణుకుమనడం ఒక్కటే. బీప్ ఎప్పుడు పడిందో పోల్చుకుని టైపు మొదలుపెట్టేసరికి, 'ఎవరూ మాట్లాడటం లేదు' అని సిస్టమ్ లైను కట్ చేసేస్తుంది. ఈ చిక్కుల్లో ప్రతిదానికీ మందు ఉంది. కొంత ఫోన్ చేసేవాళ్ల చేతిలో, ఎక్కువ భాగం ఆ సిస్టమ్‌ను నడిపేవాళ్ల చేతిలో. అక్కడ ఫోన్ సర్వర్లు చూసుకునే తెలుగువాళ్లూ ఉన్నారు, ఇంట్లో వినికిడి లేని పెద్దవాళ్లున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అందుకే రెండు వైపులకూ రాస్తున్నాం.

లైను మీద వెళ్లేదేమిటి

ఇది ముందు తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. టీటీవై అంటే ఒక కీబోర్డు, ఒకటి రెండు వరుసల చిన్న తెర (కొన్నిటికి ప్రింటరు కూడా), ఫోన్ రిసీవర్‌ను బోర్లా పెట్టడానికి పైన రెండు రబ్బరు గుంటలు. ఆ గుంటలనే కప్లర్ అంటారు. కొన్ని మోడళ్లలో కప్లర్‌తో పనిలేకుండా ఫోన్ తీగను నేరుగా గుచ్చుకోవచ్చు. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతిక శాస్త్రవేత్త పాత టెలిప్రింటర్లను మామూలు ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ తయారుచేశారు. అక్షరాలను సంకేతాలుగా మార్చే అప్పటి బాడో కోడే టీటీవైలలో ఇప్పటికీ నడుస్తోంది.

బాడోలో ఒక్కో అక్షరానికి ఐదు బిట్లు. బిట్టు ఒకటైతే 1400 హెర్ట్జ్ కూత, సున్నా అయితే 1800 హెర్ట్జ్ కూత. ఒక్కో బిట్టు 22 మిల్లీసెకన్లు ఉంటుంది. ముందొక స్టార్ట్ బిట్టు, వెనక ఒకటిన్నర స్టాప్ బిట్లు కలుపుకుంటే ఒక అక్షరానికి 165 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఆరు అక్షరాలు. ఈ ఆరు అనే అంకెను గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు లెక్కకొస్తుంది. ఇది అమెరికా వేగం. ఆస్ట్రేలియా టీటీవైలలో బిట్టు 20 మిల్లీసెకన్లే కాబట్టి అక్కడి యంత్రం తెచ్చి అమెరికాలో పెడితే అక్షరాలు చెదురుతాయి.

టైపు చేస్తున్నప్పుడే కూత ఉంటుంది. చేయి ఆగితే లైను మీద ఏమీ ఉండదు, పూర్తి నిశ్శబ్దం. వాయిస్ మెయిల్‌తో వచ్చే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఇద్దరూ ఒకేసారి టైపు చేయడానికీ కుదరదు, రెండు వైపుల అక్షరాలూ కలిసి పాడవుతాయి. అందుకే 'నా వంతు అయింది, ఇక మీరు' అనడానికి జీఏ, 'ఇక ముగిస్తున్నా' అనడానికి ఎస్‌కే అని కొడతారు.

ఇంకొకటి. ఐదు బిట్లతో 32 కోడ్లే వస్తాయి. 26 అక్షరాలు, పది అంకెలు, విరామ చిహ్నాలు వీటిలో పట్టవు. కాబట్టి ఒకే కోడ్‌కు రెండు అర్థాలుంటాయి. 'ఇక్కడి నుంచి అంకెలు', 'ఇక్కడి నుంచి అక్షరాలు' అని చెప్పే షిఫ్ట్ కోడ్లు రెండు వేరుగా వెళతాయి. లైను మీద ఆ ఒక్క షిఫ్ట్ కోడ్ పోయిందా, ఆ తర్వాతి అక్షరాలన్నీ అంకెలై కూర్చుంటాయి. కీబోర్డు పై వరుసలో క్యూ నుంచి పీ దాకా ఉన్న పది అక్షరాలు వరుసగా 1 నుంచి 0 దాకా మారతాయి. టీ, ఓ, పీ కొడితే అవతల 590 పడుతుంది. ఫోన్ నంబరులో 417 కొడితే ఆర్, క్యూ, యూ అని పడవచ్చు. ఇలాంటిది తెరమీద కనిపిస్తే కంగారుపడొద్దు. మెసేజ్ వస్తుండగానే మీ వైపు స్పేస్ బారు ఒకటి రెండుసార్లు నొక్కండి. చాలా యంత్రాలు మళ్లీ అక్షరాల్లోకి వస్తాయి. అప్పటికే పడిపోయిన వాటిని పై వరుస చూసుకుంటూ వెనక్కి మార్చుకోవచ్చు.

తెలుగు ఇళ్లకు ఒక మాట. బాడోలో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే, అవీ ఒకే సైజువి, చిన్న అక్షరాలు లేవు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాల్సిందే. పెద్ద టీ, చిన్న టీ అని తేడా పెట్టి ట, త రాసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. 'పాట', 'పాత' రెండూ ఒకేలా పడతాయి. పేర్లు, మందుల పేర్లు, ఊళ్ల పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే పంపడం మేలు.

టీటీవై నుంచి వాయిస్ మెయిల్‌లో మెసేజ్ పెట్టడం

అన్నిటికంటే ముందు సిగ్నల్ లైటు చదవడం అలవాటు చేసుకోవాలి. లైను మీద ఏ శబ్దమున్నా అది వెలుగుతుంది. అమెరికాలో రింగు రెండు సెకన్లు వెలుగు, నాలుగు సెకన్లు చీకటి. ఎంగేజ్ అయితే అర సెకను వెలుగు, అర సెకను చీకటి, తూచినట్టు ఒకే తాళం. మనిషి మాట అయితే తాళం ఉండదు, ఎడాపెడా మిణుకుమంటుంది. బీప్ అంటే మాటల మిణుకులు ఆగి, చిన్న విరామం, ఆ తర్వాత వణుకు లేని వెలుగు ఒక్కటే ఒకసారి, ఆపైన చీకటి. ఆ చీకటి పడగానే మొదలుపెట్టాలి.

మెసేజ్‌ను అప్పటికప్పుడు టైపు చేయకండి. చాలా టీటీవైలలో మెమరీ ఉంటుంది. ఫోన్ చేయకముందే మెసేజ్ మొత్తం మెమరీలో రాసిపెట్టుకుని, బీప్ పడగానే ఒక్క కీతో పంపండి. అలా పంపితే మధ్యలో ఎడం ఉండదు, కాబట్టి సిస్టమ్‌కు నిశ్శబ్దం దొరకదు. చేత్తో టైపు చేస్తూ నంబరు వెతుక్కోవడానికి ఐదారు సెకన్లు ఆగితే చాలు, కొన్ని సిస్టమ్‌లు మెసేజ్ అయిపోయిందనుకుంటాయి. తప్పనిసరిగా చేత్తోనే కొట్టాల్సి వస్తే ఆలోచించుకునేటప్పుడు స్పేస్ బారు తట్టుతూ ఉండండి. అదీ కూతే కాబట్టి లైను నిలుస్తుంది.

మెసేజ్ రాసే పద్ధతి ఇది. మొదట మూడు నాలుగు స్పేస్‌లు, ఎందుకంటే రికార్డింగ్ మొదలయ్యే ఆ క్షణంలో తొలి అక్షరాలు కొట్టుకుపోతుంటాయి. ఆ తర్వాత మీ పేరు, పని ఒక వాక్యంలో, నంబరు, ఒక స్పేస్, మళ్లీ అదే నంబరు. రెండోసారి రాయడం చాదస్తం కాదు. ఒకచోట షిఫ్ట్ పోయినా రెండోచోట నంబరు బతుకుతుంది. ఫుల్‌స్టాపులు, కామాలు తగ్గించండి. అవి అంకెల వైపున ఉంటాయి కాబట్టి ఒక్క ఫుల్‌స్టాపుకు షిఫ్ట్, ఫుల్‌స్టాపు, తిరిగి షిఫ్ట్ అని మూడు కోడ్లు వెళతాయి. చెడటానికి మూడు అవకాశాలు ఇచ్చినట్టు. చివర ఎస్‌కే.

అవతలి వాళ్ల దగ్గర టీటీవై లేకపోతే ఇదంతా వాళ్లకు కీచుకీచుమనే చప్పుడే. అలాంటివాళ్లకు రిలే ద్వారా పెట్టాలి. 711 కొడితే రిలే ఆపరేటర్ వస్తారు. మీరు టైపు చేసింది ఆపరేటర్ అవతలివాళ్లకు చదువుతారు, వాళ్లు చెప్పింది మీకు టైపు చేస్తారు. నంబరు ఇస్తున్నప్పుడే 'ఆన్సరింగ్ మెషిన్ వస్తే ఈ మెసేజ్ పెట్టండి' అని మెసేజ్ కూడా ఇచ్చేయండి. ముందు ఇవ్వకపోతే, గ్రీటింగ్ అంతా మీకు టైపు చేసి, మీ జవాబు వచ్చేలోగా బీప్ దాటిపోయి, మళ్లీ డయల్ చేయాల్సి వస్తుంది. తిరిగి ఫోన్ చేయాల్సిన పద్ధతి కూడా మెసేజ్‌లోనే ఉండాలి: 'ముందు 711 కొట్టండి, తర్వాత ఈ నంబరు ఇవ్వండి.' ఈ వాక్యం లేకపోతే నేరుగా మీ నంబరుకు చేసి, టీటీవై కూత విని ఫ్యాక్స్ అనుకుని పెట్టేస్తారు.

మీకొచ్చిన వాయిస్ మెసేజ్‌లు చదువుకోవడం

మెసేజ్ వచ్చిందని తెలియడమే మొదటి ఇబ్బంది. ఫోన్ కంపెనీ వాయిస్ మెయిల్ చాలాచోట్ల దీన్ని డయల్ టోన్‌తోనే చెబుతుంది. రిసీవర్ ఎత్తితే టోన్ మొదట తెగి తెగి వచ్చి, తర్వాత నిలకడగా వస్తుంది. వినపడనివారు దీన్ని కూడా లైటులోనే చూడొచ్చు: ఎత్తగానే గబగబా చిన్న మిణుకులు, ఆ వెనక నిలకడ వెలుగు. రోజూ ఎత్తి చూసే శ్రమ లేకుండా ఈ తెగిన టోన్‌ను కనిపెట్టి బల్బు వెలిగించే చిన్న పెట్టెలు లైనుకు తగిలించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనిపెట్టాల్సిన మొదటి వస్తువు ఇదే.

చదవడానికి మళ్లీ రిలేనే. అమెరికా టెలికాం కమిషన్ నిబంధనల ప్రకారం ఆన్సరింగ్ మెషిన్ నుంచి, వాయిస్ మెయిల్ నుంచి మెసేజ్‌లు తీసి టైపు చేసిపెట్టడం రిలే సంస్థల బాధ్యత. రికార్డింగో మెనూనో ఎదురైతే ఆ సంగతి మీ తెరమీద చూపించాలి. రికార్డింగ్‌ను పట్టి ఉంచి, కాల్ నడిచినంతసేపు దాచాలి. మెనూ కారణంగా మళ్లీ మళ్లీ డయల్ చేయాల్సి వస్తే దానికి అదనంగా డబ్బు తీసుకోకూడదు. ఇవి మొహమాటపడి అడిగే సాయాలు కావు, మీ హక్కులు.

ఆపరేటర్ జీఏ ఇవ్వగానే ఒకే విడతలో ఇవన్నీ కొట్టండి: ఇది వాయిస్ మెయిల్ తీసే కాల్ అని, వాయిస్ మెయిల్ నంబరు, పాస్‌వర్డ్, కొత్త మెసేజ్‌లు మాత్రమే కావాలా అన్నీ కావాలా అని, చదివాక ఉంచాలా చెరపాలా అని. ఈ చివరిది మరిచిపోతే కొన్ని సిస్టమ్‌లు విన్న మెసేజ్‌ను వాటంతట అవే కొన్నాళ్లకు తీసేస్తాయి. ఆపరేటర్ నిమిషానికి కనీసం 60 పదాలు టైపు చేయాలన్నది నియమం. మనుషులు మాట్లాడేది అంతకు రెండింతల పైనే. కాబట్టి మెసేజ్ పట్టుకుని, ఆపి, టైపు చేస్తారు. తెర ఖాళీగా కనిపించిందని మధ్యలో టైపు చేయకండి, వాళ్ల అక్షరాలు మీ అక్షరాలతో కలిసి చెడతాయి.

ఇంట్లో ఆన్సరింగ్ మెషిన్ ఉంటే పద్ధతి వేరు. 711 కి కాల్ కలిశాక 'మెషిన్‌లో మెసేజ్‌లు వినిపిస్తాను' అని చెప్పి జీఏ ఇవ్వండి. రిసీవర్‌ను కప్లర్ నుంచి తీసి మెషిన్ స్పీకరు పక్కన పెట్టి ప్లే నొక్కండి. అయ్యాక మళ్లీ కప్లర్‌లో పెడితే ఆపరేటర్ టైపు చేస్తారు. టీవీ, ఫ్యాను ఆపేయండి.

రిలే ఆపరేటర్లు విన్నది బయటపెట్టకూడదు, కాబట్టి పాస్‌వర్డ్ ఇవ్వడానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది మీ టీటీవై గురించే. పాస్‌వర్డ్ ప్రింటరు కాగితం మీదా, మెమరీలోనూ అలాగే ఉండిపోతుంది. కాగితం చింపేయండి, మెమరీ చెరపండి.

టీటీవైకి కూడా పనికొచ్చే గ్రీటింగ్

ముందు మాట, వెనక బాడో. ఇదే క్రమం. బాడో ముందు పెడితే వినేవాళ్లు ఫ్యాక్స్ లైను అనుకుని పెట్టేస్తారు. టీటీవై మనిషి మాత్రం మాటల మిణుకులు చూస్తూ ఓపిగ్గా ఆగుతారు, వాళ్లకు అది అలవాటే. మాట భాగం ఎనిమిది పది సెకన్లు మించకూడదు. అందులో 'ఇప్పుడు టీటీవై కూత వస్తుంది, అది దాటాలంటే హ్యాష్ నొక్కండి' అని చెప్పండి, మీ సిస్టమ్‌లో ఆ కీ పనిచేస్తుందో లేదో చూసుకున్నాకే.

బాడో భాగం 80 అక్షరాల్లో ముగించండి. సెకనుకు ఆరు లెక్కన అది పదమూడు సెకన్లకు పైనే. ఆఫీసు పేరు, 'బీప్ తర్వాత పేరు, నంబరు రెండుసార్లు టైపు చేయండి', జీఏ. అంతే. ఆఫీసు వేళలు, వెబ్ చిరునామా అన్నీ ఎక్కిస్తే నిమిషం దాటుతుంది.

రికార్డు చేసేటప్పుడు బాడో వాక్యాన్ని మెమరీలో సిద్ధంగా ఉంచుకోండి. అంకెల కీలు ఫోన్ అడుగు భాగంలో ఉండే మోడల్ వాడండి. కీలు రిసీవర్ మీదే ఉంటే, కప్లర్‌లో బోర్లా పెట్టాక వాటిని నొక్కలేరు. టీటీవై కీబోర్డులో అంకెలు కొడితే మెనూకు చేరవు. మెనూ వినేది ఫోన్ కీల జంట కూతలను, టీటీవై పంపేది వేరే కూతలను. వాయిస్ మెయిల్‌కు ఫోన్ చేసి, గ్రీటింగ్ మార్చే మెనూలోకి వెళ్లి, రికార్డు నొక్కి మాట భాగం చెప్పండి. రిసీవర్‌ను మెత్తగా కప్లర్‌లో దించండి. టక్కున పడేస్తే ఆ చప్పుడు అవతలి తెరమీద రెండు మూడు పిచ్చి అక్షరాలవుతుంది. ఒక సెకను ఆగి మెమరీ పంపండి. ఆఖరి అక్షరం వెళ్లగానే రికార్డింగ్ ఆపే కీ నొక్కండి. ఈ కాసేపూ ఏసీ, ఫ్యాను ఆపండి. రిసీవర్ గుంటల్లో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూడండి. బల్లపరుపుగా ఉండే కొత్త రకం రిసీవర్లు గుంటల్లో సరిగా కూర్చోవు, సందులోంచి గది చప్పుడు దూరుతుంది. అలాంటప్పుడు నేరుగా లైనుకు గుచ్చే టీటీవైతోనే రికార్డు చేయాలి.

సిస్టమ్ నడిపేవాళ్లు చూడాల్సినవి

వినేవాళ్లకు తేడా తెలియకుండా శబ్దాన్ని కుదించడం ఫోన్ సర్వర్లకు అలవాటు. ఆ కుదింపు మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని చేసింది. బాడో కూతలు దాని చేతిలో నలిగిపోతాయి. శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.729 కోడెక్ సెకనుకు 8 కిలోబిట్లు, జీ.711 అయితే 64 కిలోబిట్లు. నిమిషం మెసేజ్‌కు 60 కిలోబైట్లు, 480 కిలోబైట్లు అన్న తేడా చూసి చాలామంది జీ.729 పెడతారు. టీటీవై రావాలంటే గేట్‌వే (ఒక రకం నెట్‌వర్క్‌ను ఇంకో రకంతో కలిపే పరికరం) నుంచి రికార్డింగ్ ఫైలు దాకా దారి పొడవునా జీ.711 ఉండాలి. మధ్యలో ఒక్కచోట కోడెక్ మారి తిరిగొచ్చినా పోయింది తిరిగి రాదు. సిస్కో యూనిటీ అనే వాయిస్ మెయిల్ సిస్టమ్‌లో అమెరికన్ ఇంగ్లిష్ టీటీవై ప్రాంప్టులను వేరే భాష ఎంచుకున్నట్టే ఎంచుకునే వీలుండేది. అక్కడ కూడా షరతు ఇదే, జీ.711 తప్పనిసరి.

ప్యాకెట్ల నష్టం అంతకంటే మోసపూరితం. ఇంటర్నెట్ ఫోన్‌లో ఒక్కో ప్యాకెట్‌కు సాధారణంగా 20 మిల్లీసెకన్ల శబ్దం పడుతుంది. బాడోలో ఒక బిట్టు 22. అంటే ఒక్క ప్యాకెట్ పోతే దాదాపు ఒక బిట్టు మొత్తం పోయినట్టే, దాంతో ఆ అక్షరం మారిపోతుంది. ఒక అక్షరం ఎనిమిది ప్యాకెట్లకు పైగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, నూటికి ఒక ప్యాకెట్ పోయే లైనులో నూటికి ఎనిమిది అక్షరాలు చెడతాయి. అదే లైను మీద మాటలు హాయిగా వినపడతాయి, ఫిర్యాదు ఒక్కటీ రాదు. చెడే అక్షరాలు నూటికి ఒకటికి మించకూడదంటే నష్టం 0.12 శాతం లోపే ఉండాలి. నెట్‌వర్క్ నివేదికలో 'ఒక శాతం, బాగుంది' అని కనిపిస్తే టీటీవైకి అది బాగోలేనట్టే.

నిశ్శబ్దాన్ని పంపకుండా ఆదా చేసే సెట్టింగ్‌ను ఈ లైన్లకు ఆపేయండి. టైపు తిరిగి మొదలైన ప్రతిసారీ తొలి అక్షరాన్ని అది మింగేస్తుంది. శబ్దాన్ని తనంతట తాను పెంచే, తగ్గించే సెట్టింగ్ కూడా వద్దు. రికార్డింగ్ ముగించే నిశ్శబ్ద పరిమితిని సిస్టమ్ ఇచ్చినంత ఎక్కువకు పెంచండి. మెనూ గడువు కూడా అంతే. 60 అక్షరాల టీటీవై మెనూ తెరమీద పడటానికే పది సెకన్లు, చదివి కీ నొక్కడానికి ఇంకొన్ని. ఐదు సెకన్ల గడువు పెట్టిన మెనూ వీళ్లకు తలుపు మూసినట్టే. మెసేజ్‌ను వేగంగా వినిపించే సదుపాయం టీటీవై మెసేజ్ మీద వాడొద్దు, బిట్ల నిడివి మారిపోయి ఒక్క అక్షరమూ మిగలదు.

ఇదంతా దయతో చేసే పని అనుకునేవాళ్లకు చెప్పాల్సిందొకటుంది. అమెరికా 1996 టెలికాం చట్టంలోని 255వ సెక్షన్ కింద 1999లో వచ్చిన ఉత్తర్వు వాయిస్ మెయిల్‌కూ, మెనూలకూ వర్తిస్తుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సిస్టమ్‌ల గురించి 2000లో వచ్చిన 508 సెక్షన్ ప్రమాణాలు, వాయిస్ మెయిల్‌ను టీటీవై ఉన్నవాళ్లు తమ టీటీవైతోనే వాడుకోగలగాలని సూటిగా చెప్పాయి.

పరీక్షించడం

చెవితో వినిపిస్తోంది కదా అని వదిలేయకండి. రెండు టీటీవైలు కావాలి, లేదా ఒకటే ఉంటే పెట్టి, తర్వాత దానితోనే తీసి చూసుకోవచ్చు.

ముందు ఆర్, వై జంటను ఇరవైసార్లు పంపండి. బాడోలో ఆర్ అంటే 01010, వై అంటే 10101. ప్రతి బిట్టూ ఒకసారి ఇటు ఒకసారి అటు తిరుగుతుంది కాబట్టి, టెలిప్రింటర్ల కాలం నుంచీ లైను పట్టు చూడటానికి ఇదే వాడతారు. నలభై అక్షరాలకు ఏడు సెకన్లు. తర్వాత స్పేస్ కొట్టి 1 నుంచి 0 దాకా అంకెలు, మళ్లీ స్పేస్, మీ ఆఫీసు పేరు. దీన్ని మెసేజ్‌గా పెట్టి, తీసి, తప్పుపడిన అక్షరాలు లెక్కపెట్టండి.

అంకెల చోట పై వరుస అక్షరాలు పడితే షిఫ్ట్ పోయింది, అంటే అప్పుడప్పుడు ప్యాకెట్ పోతోంది. అంతటా చెల్లాచెదురుగా పిచ్చి అక్షరాలుంటే కోడెక్ చూడండి. విరామం తర్వాతి మొదటి అక్షరమే ఎప్పుడూ తప్పుతుంటే నిశ్శబ్దం ఆదా సెట్టింగ్ ఇంకా ఆన్‌లో ఉంది. మెసేజ్ సగంలో తెగితే నిశ్శబ్ద పరిమితి. ప్రత్యక్ష కాల్‌లో బాగుండి రికార్డింగ్‌లో మాత్రమే చెడితే తప్పు లైనులో లేదు, ఫైలు దాచే ఫార్మాట్‌లో ఉంది. ఆఫీసు నిండుగా ఉండే పగటిపూట ఒకసారి, రాత్రి ఒకసారి చేయండి. రాత్రి మాత్రమే బాగుంటే నెట్‌వర్క్ రద్దీయే కారణం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. అప్‌డేట్‌లో కోడెక్ వరుస పాతదానికి మారిపోవడం తరచూ జరిగేదే.

ఆర్‌టీటీ (కాల్‌లో ఉండగానే కొట్టిన అక్షరం కొట్టినట్టే అవతల కనిపించే పద్ధతి) వచ్చాక టీటీవై అవసరం తగ్గుతోంది. 2016 డిసెంబరులో కమిషన్ అనుమతి ఇచ్చాక అమెరికా మొబైల్ కంపెనీలు దీన్ని తెచ్చాయి. ఐఫోన్, ఆండ్రాయిడ్ సెట్టింగుల్లోనే ఆన్ చేసుకోవచ్చు. కొట్టిన అక్షరం శబ్దంగా కాక అక్షరంగానే వెళుతుంది కాబట్టి కోడెక్ బెడద లేదు. కానీ అవతలి ఆఫీసు సిస్టమ్‌కు టీటీవై ఒక్కటే తెలిస్తే, మధ్యలోని గేట్‌వే మీ అక్షరాలను బాడోలోకి మారుస్తుంది. తెలుగు లిపి, ఎమోజీలు ఆ గేట్‌వే దాటవు, చిన్న అక్షరాలు పెద్దవిగా మారిపోతాయి. అలాంటి నంబరుకు ఫోన్ నుంచి చేసినా ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు స్పేస్‌లతో, నంబరు రెండుసార్లు కొట్టి పంపండి.